కచుడి కథతో ఇంగ్లిష్ మాటలు

ప్లేస్‌మెంట్స్ దగ్గర పడగానే హాస్టల్లో ఎవరి చేతిలో చూసినా వర్డ్ లిస్టులే. రోజుకి యాభై మాటలు బట్టీ పట్టడం, వారం తిరిగేసరికి సగానికి పైగా మర్చిపోవడం. తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్ళలో చాలామంది "మనకి ఇంగ్లిష్ రాదులే" అని ముందే తేల్చేసుకుంటారు. ఈ పాఠం ముఖ్యంగా వాళ్ళ కోసం. మనకి తెలిసిన ఒక్క కథ పట్టుకుంటే ఎన్ని ఇంగ్లిష్ మాటలు దొరుకుతాయో చూద్దాం.

ముందు కథ

దేవతలకీ రాక్షసులకీ యుద్ధం. చచ్చిన రాక్షసుల్ని వాళ్ళ గురువు శుక్రాచార్యుడు మృతసంజీవని విద్యతో బతికించేస్తున్నాడు. దేవతల దగ్గర ఆ విద్య లేదు. అది నేర్చుకు రావడానికి బృహస్పతి కొడుకు కచుడు శుక్రుడి దగ్గర శిష్యుడిగా చేరాడు. సంగతి పసిగట్టిన రాక్షసులు అతణ్ణి చంపేశారు. శుక్రుడి కూతురు దేవయాని ఏడిస్తే గురువు బతికించాడు. చివరికి రాక్షసులు కచుణ్ణి కాల్చి, ఆ బూడిద మద్యంలో కలిపి గురువు చేతే తాగించారు. ఇప్పుడు శిష్యుడు బయటికి రావాలంటే గురువు పొట్ట చీలాలి. అందుకని శుక్రుడు కడుపులో ఉన్న కచుడికే విద్య నేర్పాడు. కచుడు పొట్ట చీల్చుకుని వచ్చి, చనిపోయిన గురువుని అదే విద్యతో బతికించాడు. దేవయాని పెళ్ళి చేసుకోమంటే, మీ నాన్న కడుపులోంచి పుట్టాను కాబట్టి నీకు తోబుట్టువునని కాదన్నాడు. నన్నయ రాసిన ఆదిపర్వంలో ఈ కథ ఉంది.

ఇందులో చావు, బతుకు, మళ్ళీ పుట్టుక మూడూ ఉన్నాయి. సంస్కృతంలో వాటికి ధాతువులు మృ, జీవ్, జన్. వీటి చుట్టాలే లాటిన్‌లో ఉన్నాయి.

ఈ చుట్టరికం ఎక్కడిది?

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. తెలుగు ఆ కుటుంబం కాదు, ద్రావిడ భాష. ఆ విషయం ఎల్లిస్ 1816లో, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పరిచయంలో చూపించాడు. కాబట్టి చావు, బతుకు, పుట్టుక అనే మన సొంత మాటలు పట్టుకుంటే దారి దొరకదు. మృతి, జీవితం, జన్మ అనే తత్సమాలు పట్టుకుంటే దొరుకుతుంది. అవి కూడా మనం రోజూ వాడేవే కదా!

మొదటి వేరు: మృత – మోర్ట్

మోర్టల్ – చావు ఉన్నవాడు. మనిషి.
ఇమ్మోర్టల్ – అమృతుడు. మన 'అ', వాళ్ళ 'ఇమ్' రెండూ 'కాదు' అనే చెప్తాయి. గ్రీకు దేవతల ఆహారం ఆంబ్రోసియా కూడా మన అమృతానికి చుట్టమే.
పోస్ట్‌మార్టమ్ – చావు తర్వాత.
మార్ట్‌గేజ్ – తాకట్టు. పాత ఫ్రెంచిలో 'చచ్చిన హామీ' అని అర్థం.
అమార్టైజ్ – అప్పుని కొంచెం కొంచెంగా చంపడం. సీఎస్ఈ వాళ్ళకి అమార్టైజ్డ్ అనాలిసిస్ తెలుసు. డైనమిక్ అర్రే పెద్దది చేసినప్పుడు పడే ఖర్చుని మిగతా ఇన్సర్షన్ల మీద పంచి చూస్తాం.
మోర్టిఫైడ్ – అవమానంతో కుంగిపోవడం. తెలుగులో "సిగ్గుతో చచ్చిపోయా" అంటాం. అంతే!

రెండో వేరు: జీవ్ – వివ్, విట్

రివైవ్ – మళ్ళీ బతికించడం. శుక్రుడు చేసింది ఇదే.
సర్వైవ్ – గండం దాటి బతకడం.
వివిడ్ – ప్రాణం ఉట్టిపడేట్టు, కళ్ళకి కట్టినట్టు.
వైటల్ – ప్రాణంతో సమానమైన, అత్యవసరమైన.
విటమిన్ – 1912లో కాజిమీర్ ఫంక్ పెట్టిన పేరు. వీటా అంటే జీవితం, దానికి అమైన్ కలిపాడు.
వైవా – అసలు మాట వైవా వోచీ, అంటే 'సజీవమైన గొంతుతో'. మనకి ప్రాణం పోయే పరీక్షకి పేరులోనే ప్రాణం ఉంది!

ఇంగ్లిష్ సొంత మాట క్విక్ కూడా ఈ కుటుంబమే. దాని పాత అర్థం 'ప్రాణమున్న'. అందుకే కదిలే పాదరసం క్విక్‌సిల్వర్ అయింది.

మూడో వేరు: జన్ – జెన్, నేట్

జీన్, జనరేటర్ ఎలాగూ తెలుసు.
రీజనరేట్ – మళ్ళీ పుట్టించడం. ఈవీల్లో రీజనరేటివ్ బ్రేకింగ్ అంటే, బ్రేక్ వేస్తే వృథా అయ్యే శక్తిని మళ్ళీ కరెంటుగా మార్చడం.
నేటివ్ – పుట్టిన చోటువాడు.
ఇన్నేట్ – పుట్టుకతో వచ్చిన.
నాసెంట్ – అప్పుడే పుట్టిన, మొగ్గ దశలో ఉన్న.
రినైసాన్స్ – పునర్జన్మ. యూరప్ చరిత్రలో ఒక యుగం పేరు.

'నేట్'లో 'జ' ఏదీ అని అడగొచ్చు. పాత లాటిన్‌లో అది 'గ్నాటుస్'. ముందున్న 'గ్' రాలిపోయింది. ప్రెగ్నెంట్‌లో ఇంకా మిగిలుంది. కాగ్నేట్‌లోనూ ఉంది. కాగ్నేట్ అంటే కలిసి పుట్టినది. ఇలా చుట్టరికం ఉన్న మాటల్ని కాగ్నేట్స్ అనే అంటారు. కచుడు దేవయానితో చెప్పిన తోబుట్టువు మాట ఇక్కడ గుర్తుపెట్టుకోండి, ఇక మర్చిపోరు.

ఒక జాగ్రత్త

పోలిక కనబడగానే చుట్టరికం కలిపేయొద్దు. వివాహంలో 'వివ్' లేదు. అది 'వి' పక్కన 'వహ్', మోసుకెళ్ళడం. మార్నింగ్‌లో చావు లేదు. అనుమానం వస్తే డిక్షనరీలో వ్యుత్పత్తి చూడండి. స్పెల్లింగ్ కూడా అప్పుడే పక్కన రాసుకోండి.

ఎలా ప్రాక్టీస్ చేయాలి?

రోజుకి ఒక్క వేరు చాలు. దాని కింద ఆరు మాటలు రాయండి. ఆ ఆరూ వచ్చేలా కచుడి కథని మీ సొంత ఇంగ్లిష్‌లో నాలుగైదు వాక్యాల్లో చెప్పండి. గ్రామర్ తప్పులు వస్తే రానీయండి, తర్వాత దిద్దుకోవచ్చు. మర్నాడు పుస్తకం మూసి రూమ్మేట్‌కి అదే కథ చెప్పండి. లిస్టులో మాట ఒంటరిగా ఉంటుంది, కథలో దానికి ముందూ వెనకా ఏదో ఒకటి ఉంటుంది. అదే దాన్ని గుర్తుకు తెస్తుంది.

ఈ వారం పని: ఇమ్మోర్టలైజ్, రివైటలైజ్, ప్రొజెనీ, వైవేషియస్. డిక్షనరీ తెరవకుండా ముందు విడగొట్టి, అర్థం ఊహించండి. ఆ తర్వాతే చూడండి. నాలుగింట్లో మూడు సరిపోతే, "మనకి ఇంగ్లిష్ రాదులే" అనే మాట ఇక కట్టిపెట్టేయొచ్చు.