ఏబీఎస్ దీపం ఆరకపోతే?

పాలు విరిగితే ముందు క్యాన్లు కడిగారా అని చూస్తాం, కూలరును మార్చం. పాత కారు ఏబీఎస్ విషయంలోనూ మేము చెప్పేది అదే.

పసుపు ఏబీఎస్ దీపం ఒక్కటే ఆరకుంటే, సాధారణంగా మామూలు బ్రేకు పనిచేస్తుంది. కాని తడి రోడ్డుపై గట్టిగా తొక్కితే చక్రాలు పట్టేసి బండి జారవచ్చు. ఎర్ర బ్రేకు దీపమూ వెలిగితే బండి నడపరాదు.

ముందు ఫ్యూజు, ఎర్తు వైరు, చక్రాల సెన్సర్లు చూడాలి. స్కానరుతో కోడు చదివించాలి. ఇవి బాగుండి, పంపు మోటారులోనో వాల్వులలోనో లోపమని తేలితేనే మాడ్యులేటరు మార్చాలి.

పార్టు నంబరు సరిపోవాలి. బ్యాటరీ వైరు విప్పి, బ్రేకు పైపులకు గుర్తులు పెట్టుకోవాలి. బిగించాక కొత్త బ్రేకు ఆయిలు పోసి గాలి పూర్తిగా తీయాలి. చాలా కార్లలో ఇందుకూ స్కానరు కావాలి. పెడలు మెత్తగా దిగితే గాలి మిగిలిందనే అనుమానించాలి. ఖాళీ స్థలంలో నెమ్మదిగా పరీక్షించాకే రోడ్డెక్కాలి.