గది తేడా పదిహేను వేలు, కట్టింది యాభై ఐదు వేలు

ప్రశ్న: మాది బీచుపల్లి. కృష్ణ ఘాటు మెట్ల మీద జారిపడి మా నాన్నకు తుంటి ఎముక విరిగింది. కర్నూలులో ఆపరేషన్ చేయించాం. పాలసీ 3 లక్షలది, అందులో గది అద్దె రోజుకు 3,000 వరకే. మేం 6,000 సింగిల్ రూమ్ తీసుకున్నాం. ఐదు రోజులకు తేడా 15,000 కదా అనుకుంటే, డిశ్చార్జి రోజు 55,000 కట్టమన్నారు. సింగిల్ రూమ్ అడగడమే తప్పని మా బావ దెప్పుతున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ బావగారి సంగతి. తుంటి విరిగిన మనిషిని వార్డు చివరి బాత్‌రూమ్ దాకా నడిపించడం ఎంత కష్టమో మంచం పక్కన ఉన్నవాళ్ళకే తెలుసు. గదిలోనే కమోడ్ ఉండటం ఆయనకు అవసరం, విలాసం కాదు. ఇక మనలో చాలామంది గది మార్చేది రోగి కోసం కన్నా వెంట ఉన్నవాళ్ళ కోసం. రాత్రి అమ్మ నడుం వాల్చాలి, గద్వాల నుంచి పలకరించడానికి వచ్చినవాళ్ళు కూర్చోవాలి. 'వార్డులో పడేశారట' అన్న మాట పడకూడదన్న పట్టుదల కూడా కొంత ఉంటుంది. సింగిల్ రూమ్‌లో డాక్టరు ఇంకాస్త బాగా చూస్తాడనుకోవడం మాత్రం భ్రమ. రౌండ్స్‌కు వచ్చేది ఆ డాక్టరే.

ఇక లెక్క. మీరు పంపిన బిల్లు 1,70,000. అందులో గది 30,000. సర్జన్, థియేటర్, నర్సింగ్ కలిపి 80,000. మందులు, పరీక్షలు, లోపల వేసిన ఇంప్లాంట్ 60,000. మీకు అర్హమైన అద్దె తీసుకున్నదాంట్లో సగం కాబట్టి కంపెనీ గదికి సగమే ఇచ్చింది. ఆ 80,000లో కూడా సగం కోసింది. మీకు అంతుపట్టని 40,000 అదే. దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. మందులకు, పరీక్షలకు, ఇంప్లాంట్‌కు ఈ కోత పెట్టకూడదని 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. మీకూ పెట్టలేదు.

అయితే అదే నియమంలో మీకు పనికొచ్చే మాట ఇంకొకటుంది. గదిని బట్టి సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ మారని ఆసుపత్రిలో ఈ కోత చెల్లదు. బిల్లింగ్ కౌంటర్లో రేట్ల పట్టిక అడగండి. రెండు గదులకూ ఒకటే రేటని తేలితే ఆ కాగితం జతచేసి కంపెనీకి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ప్రశ్న: ఆరోగ్యశ్రీ మీద చేరి, పైన డబ్బు కట్టి రూమ్ తీసుకోవచ్చా?
– ఎర్రవల్లి చౌరస్తా నుంచి ఒక సోదరి

జవాబు: ఆ ప్యాకేజీ జనరల్ వార్డు లెక్కతో కట్టిందమ్మా. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పరిమితి 10 లక్షలైంది కానీ, పెరిగింది వైద్యం ఖర్చుకే. రూమ్ ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టమని ఎవరైనా అంటే, పథకం వదులుకుంటున్నట్టు అందులో రాసి ఉందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చేత చదివించుకున్నాకే పెట్టండి.