పిల్లల చదువు, టీవీ, షుక్ర్



చదువు అవసరం గురించి ఈ సంచిక చదివేవారికి మేము కొత్తగా చెప్పవలసింది లేదు. దైవప్రవక్త (స) వారికి అందిన మొదటి వహీ చదవమనే ఆదేశంతో మొదలైందని మన మక్తబ్‌లో ఏ పిల్లవాడిని అడిగినా చెబుతాడు. బద్ర్ ఖైదీలలో చదువు వచ్చినవారికి, తలా పదిమంది మదీనా పిల్లలకు రాయడం నేర్పితే విడుదల అని నిర్ణయించినట్టు సీరత్ గ్రంథాల్లో ఉంది. అందుకని ఈసారి చదువు పక్కనే కూర్చుని ఉండే టీవీ గురించి, దానితోపాటు షుక్ర్ గురించి రాస్తున్నాం. ఈ రెంటికీ సంబంధం ఏమిటని కొందరికి అనిపించవచ్చు.

దివ్య ఖుర్‌ఆన్ నహ్ల్ సూరా 78వ ఆయత్‌లో, మనిషి తల్లి కడుపులోంచి ఏమీ తెలియని స్థితిలో బయటికి వచ్చాడన్న సంగతి ముందు గుర్తుచేస్తారు. తర్వాత అతనికి వినికిడి, చూపు, హృదయం దక్కిన సంగతి వస్తుంది. అవి దేనికంటే, షుక్ర్ చేయడానికి. బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయత్‌లో ఈ మూడూ అదే వరసలో మళ్లీ వస్తాయి. అక్కడ వీటి గురించి విచారణ ఉంటుందన్న హెచ్చరిక ఉంది. ఉపాధ్యాయులమైన మాకు ఈ రెండు ఆయతులూ చాలా దగ్గరివి. బడి పని అంతా పిల్లల చెవులతో, కళ్లతో, మనసుతోనే. టీవీ పని కూడా వాటితోనే.

ఇమామ్ గజాలీ తమ ఇహ్యా ఉలూమిద్దీన్‌లో షుక్ర్‌ను మూడు భాగాలుగా వివరించారు. ఇచ్చింది ఎవరో తెలుసుకోవడం, దానికి మనసులో సంతోషపడటం, ఇచ్చినదాన్ని ఇచ్చినవాడు మెచ్చే పనిలో వాడటం. నోటితో అల్‌హమ్దులిల్లాహ్ అనడం పిల్లలకు మూడేళ్లకే వస్తుంది. కళ్లను, చెవులను సరైన పనిలో వాడటం మాత్రం ఎవరో ఒకరు పక్కన ఉండి నేర్పితే తప్ప రాదు.

టీవీని తిట్టడం మా ఉద్దేశం కాదు. బి.యిడి. చదివిన వాళ్లందరం ఎడ్గార్ డేల్ గీసిన అనుభవాల శంఖువును పరీక్షల్లో రాసినవాళ్లమే. అందులో అడుగున పిల్లలు చేతులతో చేసి నేర్చుకునేవి ఉంటాయి, కొసన వట్టి మాటలు ఉంటాయి, కంటికి చూపించే సాధనాలు మధ్యలో ఉంటాయి. అంటే వట్టి ఉపన్యాసం కన్నా బొమ్మ మేలు, బొమ్మ కన్నా పని మేలు. మన దేశంలో పల్లెల్లోకి టీవీని ఆ ఆశతోనే తెచ్చారు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు కార్యక్రమాలు అందించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఇంటింటికీ పెట్టె లేదు, ఊరంతటికీ ఒకటే.

2020లో బడులు మూతపడ్డప్పుడు కూడా టీవీయే ఆదుకుంది. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పిల్లలకు 'విద్యామృతం' పాఠాలు వచ్చాయి. స్మార్ట్‌ఫోన్ కొనలేని ఇళ్లలో అప్పుడు అదే బడి. ఇంకో మేలు కూడా ఉంది. మన ఇళ్లలో ఉర్దూ, బడిలో తెలుగు. ఒకటో తరగతిలో చేరిన రోజే తెలుగు తడబడకుండా మాట్లాడే మన పిల్లలు కొందరు దాన్ని టీవీ దగ్గరే పట్టుకున్నారు. వాళ్ల తెలుగులో సీరియల్ అత్తగారి దబాయింపు కూడా కాస్త వినబడుతుంది, అది వేరే సంగతి.

మరి చిక్కు ఎక్కడుంది? బడిలో పెట్టిన టీవీ అయితే పక్కన పంతులు ఉంటాడు. చూసింది అయ్యాక ఏం చూశావని అడుగుతాడు. ఇప్పటి టీవీ ముందు పిల్లవాడు ఒంటరి. సింగరాయకొండలో మేము వెళ్లి చూసిన ఇళ్లలో చాలావాటికి ఉన్నది ఒకటే గది. తండ్రి ఆటో స్టేషన్ దగ్గరో హైవే మీదో రాత్రి పదింటి దాకా తిరుగుతుంది. మిరపకోతల రోజుల్లో, పొగాకు పనుల రోజుల్లో తల్లులు తెల్లవారకముందే బండి ఎక్కి చీకటిపడ్డాక దిగుతారు. ఇంట్లో ఉండేది దాదీ, పిల్లలు, టీవీ. మగ్రిబ్ తర్వాత మొదలైన సీరియళ్లు తొమ్మిదిన్నర దాకా నడుస్తాయి. పుస్తకం తెరిచే చోటు కూడా ఆ గదిలోనే. రోజంతా వంగి కాయలు కోసి వచ్చిన తల్లి అరగంట సీరియల్ చూస్తే తప్పుపట్టే హక్కు మాకు లేదు. కానీ మర్నాడు మొదటి పీరియడ్‌లో ఆ ఇంటి పిల్లల ఆవలింతలు లెక్కపెట్టేది మేమే.

సీరియళ్ల కన్నా మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసేవి ప్రకటనలు. కేబుల్ టెలివిజన్ నియమాల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు. ఆ హద్దులోనే ఉన్నారనుకున్నా, మూడు గంటలు చూసిన పిల్లవాడు 36 నిమిషాలు ప్రకటనలు చూస్తాడు. అంటే దాదాపు బడిలో ఒక పీరియడ్. ప్రతి సాయంత్రం ఒక పీరియడ్ చొప్పున, సెలవు లేకుండా, ఆ పాఠం నడుస్తోంది. ఆ పాఠంలో చెప్పేది నీ దగ్గర ఏది లేదో, అది లేకపోతే నువ్వు ఎంత తక్కువో. నాషుక్రీకి ఇంత శ్రద్ధగా తర్ఫీదు ఇచ్చే బడి ఇంకొకటి మేము చూడలేదు. కిందటేడు సంఘం తరఫున జామెట్రీ బాక్సులు పంచినప్పుడు ఒక ఆరో తరగతి పిల్లవాడు మూత తెరిచి, "ఇది టీవీలో వచ్చేది కాదు కదా సార్" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, పాఠం బాగా అప్పజెప్పాడు, అంతే.

దీనికి ఎదురు పాఠం ఏమిటి? ఉపదేశాలతో పని జరగదని మా అనుభవం. మా తరగతిలో ఒక చిన్న రాతపని ఇస్తాం. ఈరోజు మధ్యాహ్న భోజనంలో నువ్వు తిన్నది ఎవరెవరి చేతుల మీదుగా నీ పళ్లెంలోకి వచ్చిందో రాయమంటాం. మొదట్లో వంటామె అని ఒక్క మాట రాసి పెన్ను మూసేస్తారు. ఇంకా ఇంకా అని అడిగితే బియ్యం బస్తా దించిన హమాలీ, లారీ డ్రైవరు, కంది వేసిన రైతు ఒక్కొక్కరే వస్తారు. ఒకసారి ఒక అమ్మాయి కూరలో కారం దగ్గర ఆగి, 'మా అమ్మీ కోసిన కాయ అయినా అయి ఉండొచ్చు' అని రాసింది. అదే కాగితంలో, గిన్నెలు కడిగే ఆమె పేరు తనకు తెలియదని కూడా రాసింది. మర్నాడు ప్రార్థనకు ముందే ఆ పేరు అడిగి తెలుసుకుని వచ్చి మాకు చెప్పింది. గజాలీ చెప్పిన మొదటి భాగం, ఇచ్చింది ఎవరో తెలుసుకోవడం, ఆ పిల్లకు అక్కడ మొదలైంది. అల్లాహ్ తర్వాత కృతజ్ఞత చెప్పవలసిన మనుషులను గుర్తించలేని వారికి అల్లాహ్‌కు షుక్ర్ చేయడం కూడా రాదని దైవప్రవక్త (స) బోధ.

ఈ ప్రశ్న టీవీకి కూడా పనికొస్తుంది. చూసినదాంట్లో ఏది నిజం, ఏది అమ్మకం అని భోజనాల దగ్గర ఒక్క ప్రశ్న అడిగే పెద్దవారు ఉంటే టీవీ సగం పంతులవుతుంది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు కాలం రోజుకు గంటకు మించకూడదని, ఏడాదిలోపు పసివారికి అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఏడుపు మాన్పడానికి పసివాడి చేతిలో ఫోన్ పెట్టే ఇళ్లు ఈ మాట గోడ మీద రాసుకోవచ్చు.

ఇక దాతలతో అసలు మాట. ఈ ఏడాది ఒక దాత మన సాయంత్రం చదువు కేంద్రానికి పెద్ద టీవీ ఇస్తామని ముందుకొచ్చారు. జజాకల్లాహు ఖైరా. తీసుకుందాం. అయితే టీవీ కన్నా ముందు కావలసింది మగ్రిబ్ నుంచి ఇషా దాకా వెలిగే రెండు లైట్లు, చాపలు, రోజూ తప్పకుండా వచ్చి కూర్చునే ఒక మనిషి. డిగ్రీ చదివి ఊళ్లో ఉన్న మన అమ్మాయిలు ఆ పని చేయగలరు, వారికి నెలనెలా ఠంచనుగా గౌరవ వేతనం అందితే. పెట్టె ఒకసారి కొంటే సరిపోతుంది, ఫోటో బాగా వస్తుంది. మనిషికి ప్రతి నెలా ఇవ్వాలి, ఫోటోలో ఏమీ కనబడదు. 2006లో సచార్ కమిటీ నివేదిక, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి మొహం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. అలా మానేసేవాళ్లలో మేము ఎరిగినవారు చాలామంది ఒక్కరోజులో మానలేదు. ముందు ఇంటిపని చేయడం ఆగింది, తర్వాత లెక్కల పీరియడ్ అంటే భయం పట్టుకుంది, ఆ తర్వాత సోమవారాలు రావడం మానేశారు. ఆ మొదటి మెట్టు దగ్గర పట్టుకునే చోటు సాయంత్రం కేంద్రమే.

ఫోటో అన్నాం కాబట్టి ఇంకో మాట. పిల్లలను వేదిక మీదికి పిలిచి, నోటుపుస్తకం చేతికిచ్చి, కెమెరా వైపు చూడమని, దాత గారికి ధన్యవాదాలు చెప్పమనడం ఈసారి నుంచి మానుకుందామని మా విన్నపం. పిల్లలకు షుక్ర్ నేర్పే పని మాది, ఇంట్లో తల్లిదండ్రులది. ఇచ్చేవారి సంగతి వేరు. పేదకు, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టి ప్రతిఫలం గానీ కృతజ్ఞత గానీ కోరనివారి గురించి దహ్ర్ సూరాలో ఏముందో మన దాతలకు తెలుసు. వేదిక మీద తలవంచుకుని నిలబడ్డ ఎనిమిదో తరగతి పిల్ల నేర్చుకునేది సిగ్గు మాత్రమే. ఆ పిల్ల మర్నాడు ఆ పుస్తకానికి వేరే అట్ట వేసుకుని వస్తుంది.

మన జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆయన కథే చూడండి. టంగుటూరి ప్రకాశం గారు 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. అక్కడి మిషన్ బడి ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు ఆ కుర్రవాడిని చేరదీసి, తాము రాజమండ్రి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లి చదివించారు. ఆ కుర్రవాడు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. నాయుడు గారి పేరు ఈనాడు మనకు తెలిసింది శిష్యుడు తన ఆత్మకథలో రాసుకున్నాడు గనుక.

కేంద్రం వేళల గురించి ఒక మాట. ఈ మధ్య ఏళ్లలో రంజాన్ నెల పదో తరగతి పరీక్షల రోజులకే వస్తోంది. తరావీహ్ ఉంటుంది కాబట్టి ఆ నెలంతా మగ్రిబ్ తర్వాత తరగతి కుదరదు. ఫజర్ తర్వాత గంటన్నర పెడితే ఎలా ఉంటుందని పిల్లలను అడిగాం, సహరీకి ఎలాగూ లేస్తాం కదా అన్నారు. దాతలు జకాత్ లెక్క చూసుకునే రోజులూ అవే. ఆ నెల రోజులు తెల్లవారుజామున గది తాళం తీసే బాధ్యత ఎవరిదో మాత్రం వచ్చే జుమా లోపల కమిటీ తేల్చాలి.