రిటైర్మెంటు ముందు రికవరీ మెమో వస్తే

పింఛను కాగితాలు సిద్ధం చేసుకుంటున్న వేళ ఆఫీసు నుంచి మెమో వస్తుంది. పన్నెండేళ్ల కిందట మీ జీతం స్థిరీకరణలో ఒక ఇంక్రిమెంటు ఎక్కువ పడిందట, ఇన్నాళ్లూ తీసుకున్న అదనపు సొమ్ము గ్రాట్యుటీలో పట్టుకుంటారట. ఆ లెక్క వేసింది మీరు కాదు, బిల్లు పాస్ చేసిందీ మీరు కాదు. అయినా పింఛను ఆగిపోతుందన్న భయంతో చాలామంది అదే రోజు ఒప్పుకోలు రాసిచ్చేస్తారు. దయచేసి ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

పంజాబ్ ప్రభుత్వం, రఫీక్ మసీహ్ కేసులో 2014 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకు అండ. ఉద్యోగి మోసం, దాపరికం లేకుండా ఆఫీసు పొరపాటుతో అందిన సొమ్మును ఎప్పుడు వెనక్కి అడగకూడదో అందులో చెప్పారు. గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగుల నుంచి రాబట్టకూడదు. రిటైరైనవారి నుంచీ, రికవరీ ఉత్తర్వు నాటికి ఏడాదిలోపు రిటైరయ్యేవారి నుంచీ రాబట్టకూడదు. వారు ఏ గ్రూపువారైనా సరే. అయిదేళ్లకు మించి చెల్లించుకుంటూ వచ్చాక అడగకూడదు. పై పోస్టు పని చేయించుకుని ఆ జీతం ఇచ్చినప్పుడూ అంతే. ఇవేవీ వర్తించకపోయినా, రాబట్టడం మరీ అన్యాయమనిపిస్తే కోర్టు ఆపవచ్చు.

కేరళ ఉపాధ్యాయుడు థామస్ డేనియల్ 1999లో రిటైరయ్యారు. ఆయనకిచ్చిన ఇంక్రిమెంట్లు తప్పన్నారు. రికవరీ చెల్లదని సుప్రీంకోర్టు 2022 మే 2న తేల్చింది. అంతకాలం నిలబడి పోరాడిన ఆ మాస్టారంటే నాకు గౌరవం. ఆయన గెలుపు ఇప్పుడు మీ జవాబులో ఒక వాక్యంగా పనికొస్తుంది.

ఒక చిక్కుంది. కొత్త స్కేలుకు ఆప్షన్ ఇచ్చేటప్పుడు, ఎక్కువ చెల్లింపు జరిగితే తిరిగి కడతానని హామీపత్రం ఇచ్చారేమో చూసుకోండి. 2016 జులైలో జగదేవ్ సింగ్ కేసులో ఆ పత్రం ఉన్నందుకే, రిటైరైన అధికారి నుంచి సైతం వాయిదాల్లో వసూలు చేయవచ్చని కోర్టు అంది. కాబట్టి పీఆర్సీ ఆప్షన్ ఫారాల నకళ్లు మీ దగ్గర ఉండాలి. ఇంకొకటి, రికవరీ ఆగినంత మాత్రాన తప్పు జీతం అలాగే కొనసాగుతుందనుకోవద్దు. ఇకముందు జీతాన్ని సరిచేసే అధికారం ఆఫీసుకు ఉంటుంది. దానికైనా ముందు నోటీసివ్వాలి, మీ మాట వినాలి.

మెమో అందాక గడువులోపే జవాబివ్వండి. ఏ సంవత్సరం, ఏ ఉత్తర్వు ప్రకారం జీతం స్థిరీకరించారో రాయండి, లెక్కల షీటు అడగండి, మీరేమీ దాచలేదని చెప్పండి, తీర్పుల పేర్లు తేదీలతో పెట్టండి. నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. అయినా కోత వేస్తామంటే, రాష్ట్ర ఉద్యోగులు ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. కేంద్ర ఉద్యోగులు ముందు పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. కోత పడకముందే వెళ్లి స్టే అడగండి. పోయిన గ్రాట్యుటీని తిరిగి తెచ్చుకోవడం దానికన్నా ఎంతో కష్టం.

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందే సర్వీస్ రిజిస్టర్ తెప్పించుకుని, ఇంక్రిమెంట్ల పేజీలు ఒక్కొక్కటీ ఫొటో తీసుకోండి.