టాంపా నౌక కేసు – శరణార్థి, సర్కారు, న్యాయస్థానం

విభీషణుడు సముద్రం దాటి వచ్చి శరణు వేడినప్పుడు శ్రీరాముడు వెంటనే అభయం ఇవ్వలేదు. ముందు చర్చ జరిగింది. శత్రువు తమ్ముడు, గూఢచారి కావచ్చునన్నాడు సుగ్రీవుడు. మాటలో కపటం కనిపించడం లేదన్నాడు హనుమంతుడు. నేటి పార్లమెంటులలోను, పత్రికలలోను నడిచే వాదాలు ఇంచుమించు ఇవే. కాకపోతే ఇప్పుడు మధ్యలో న్యాయస్థానం అనే మూడో వ్యక్తి ఉన్నాడు. ఆయన చేయగలిగింది ఎంత? 2001 నాటి ఆస్ట్రేలియా "టాంపా" కేసును చదివితే తెలుస్తుంది.

ఆ సంవత్సరం ఆగస్టు 26న, క్రిస్మస్ దీవికి ఉత్తరాన మునిగిపోనున్న చెక్క పడవ నుంచి 433 మందిని టాంపా అనే నార్వే సరుకు నౌక రక్షించింది. వారిలో ఎక్కువమంది తాలిబన్ల పాలన నుంచి పారిపోయి వచ్చిన ఆఫ్ఘన్లు. నౌకలో సిబ్బంది 27 మందే! కెప్టెన్ ఆర్నే రిన్నన్ సహాయం అడిగి అడిగి, చివరకు 29న ఆస్ట్రేలియా జలాల్లోకి నౌకను నడిపాడు. జాన్ హోవర్డ్ ప్రభుత్వం ప్రత్యేక దళ సైనికులను నౌక ఎక్కించింది. ఒక్కరినీ ఒడ్డున దిగనివ్వలేదు.

విక్టోరియా పౌరహక్కుల మండలి, మరొక న్యాయవాది ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. అడిగింది హెబియస్ కార్పస్. ఇక్కడే అసలు చిక్కు. "మేము ఎవరినీ నిర్బంధించలేదు, ఆస్ట్రేలియా తప్ప ఎక్కడికైనా వెళ్లవచ్చు" అన్నది ప్రభుత్వ వాదన సారాంశం. నడిసముద్రంలో మనిషి ఎక్కడికి వెళతాడండీ? జస్టిస్ నార్త్ ఇది నిర్బంధమేనని తేల్చి, వారిని ఆస్ట్రేలియా గడ్డకు తీసుకురమ్మన్నారు. ఆ తీర్పు వచ్చిన తేదీ 2001 సెప్టెంబరు 11. కొన్ని గంటలకే న్యూయార్క్‌లో జంట భవనాలు కూలాయి. ఇక ఆ తీర్పును గురించి శాంతంగా మాట్లాడే ఓపిక ఎవరికుంటుంది?

వారం తిరగకుండానే ఫుల్ బెంచి 2–1 తేడాతో ఆ తీర్పును కొట్టివేసింది. పరాయివారిని సరిహద్దు దగ్గర ఆపే అధికారం కార్యనిర్వాహక వర్గానికి రాజ్యాంగం నుంచే లభిస్తుందని మెజారిటీ అభిప్రాయం. పార్లమెంటు ఆ విషయమై సమగ్రమైన చట్టం చేశాక వేరే అధికారం మిగలదని ప్రధాన న్యాయమూర్తి బ్లాక్ అసమ్మతి తెలిపారు. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ అసమ్మతి తీర్పునే ముందు చదవాలని నా సలహా.

శరణార్థులలో వందమందికి పైగా న్యూజిలాండ్ తీసుకుంది. మిగతావారిని నౌరూ దీవికి పంపారు. నవంబరు ఎన్నికల్లో హోవర్డ్ గెలిచాడు.

ప్రభుత్వ పక్షాన బలమైన వాదం లేకపోలేదు. 2001లో 43 పడవల్లో 5,516 మంది రాగా, మరుసటి ఏడు రాకలు దాదాపు ఆగిపోయాయి. పడవలు ఆగితే మునిగి చనిపోవడమూ ఆగుతుంది కదా అంటారు. ఆ అక్టోబరులోనే ఇండోనేషియా నుంచి బయలుదేరిన ఒక పడవ మునిగి 353 మంది చనిపోయారు కనుక ఈ మాటను తేలికగా తీసిపారేయలేము. కాని "క్యూ తప్పి వచ్చారు" అన్న నింద మాత్రం నాకు మింగుడుపడదు. రేషను షాపు ముందైతే క్యూ ఉంటుంది. ప్రాణభయంతో పారిపోయేవానికి కాబూల్‌లో ఏ క్యూ ఉంది? 1951 శరణార్థుల ఒడంబడిక 31వ అధికరణం, ప్రాణాపాయం నుంచి నేరుగా వచ్చి తమంత తామే అధికారులకు తెలుపుకొన్నవారిని అనుమతి లేని ప్రవేశానికి శిక్షించరాదంటుంది. దానిపై ఆస్ట్రేలియా 1954లోనే సంతకం చేసింది.

నౌరూ శిబిరాలు 2008లో మూతపడి, 2012లో మళ్లీ తెరుచుకున్నాయి. పపువా న్యూ గినీలోని మానుస్ దీవి నిర్బంధం చట్టవిరుద్ధమని 2016లో ఆ దేశపు సుప్రీంకోర్టే చెప్పవలసి వచ్చింది.

మరి మన సంగతి? భారతదేశం ఆ ఒడంబడికపై సంతకం చేయలేదు. శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. అయినా 1996లో అరుణాచల్ ప్రదేశ్ చక్మాల కేసులో మన సుప్రీంకోర్టు, రాజ్యాంగం 21వ అధికరణంలోని ప్రాణరక్షణ పౌరులకే కాదు, ఇక్కడ ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని చెప్పి, వారిని బలవంతంగా వెళ్లగొట్టకుండా చూడమని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.