తుపాకికి వెల కలదు, లైసెన్సుకు లేదు

పలకల పరిశ్రమకు పేరెన్నికగన్న మార్కాపురమున ఆ వ్యాపారముననే జీవితమంతయు గడపి, నల్లమల అంచు గ్రామములలో బాకీల వసూళ్లకు చీకటిపడిన పిదప కూడ తిరుగవలసివచ్చిన రోజులలో ఆత్మరక్షణార్థము లైసెన్సు పొంది, కాన్పూరు కర్మాగారపు పాయింటు 32 రివాల్వరు నొకదానిని కొనియుంచుకొని, రెండేండ్ల క్రిందట కాలధర్మము నొందిన ఒక పెద్దమనిషి భార్య ఈ నడుమ మా కార్యాలయమునకు వచ్చిరి. చేతిసంచిలోనుండి అంచులు నలిగిన లైసెన్సు పుస్తకమును, పసుపువన్నె తిరిగిన కొనుగోలు బిల్లును తీసి బల్లపై బెట్టి, "అయ్యా, ఆయన పోయినాక దాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టినా. గిద్దలూరు కంట్రాక్టరొకాయన కొంటానని పదివేలు బయానా కూడా ఇచ్చినాడు. ఎంతకియ్యొచ్చో మీరే చెప్పండి" అని అడిగిరి.

ఆమె అడిగినది వెలను గూర్చి. నన్ను కలవరపెట్టినది బీరువా. ఆయుధ లైసెన్సు వ్యక్తికి చెందినదేగాని ఇంటికి చెందినది కాదు. లైసెన్సుదారు కన్నుమూసిన క్షణమున ఆ పుస్తకము ప్రాణము కూడ పోవును. అటుపిమ్మట ఆ ఆయుధము ఎవరి యింట నున్నదో వారు 1959 నాటి ఆయుధ చట్టము 3వ సెక్షనునకు విరుద్ధముగా దానిని కలిగియున్నట్లే లెక్క. ఆ నేరమునకు, 2019 సవరణ తరువాత, రెండేండ్లకు తగ్గని, ఐదేండ్ల వరకు పోగల కారాగార శిక్షయు జరిమానాయు విధింపబడును. ఈ మాట చెప్పగానే ఆమె ముఖము పాలిపోయినది. దొంగతనము చేయలేదు, ఎవరినీ బెదిరింపలేదు, భర్త వస్తువును భర్త బీరువాలోనే ఉంచినందుకు జైలా యని ఆమె అడిగినప్పుడు, చట్టము తెలియదనుట సమాధానము కానేరదనియు, అయినను తెలిసిన మరునాడు మనమేమి చేసితిమన్నది అధికారి దృష్టికి, న్యాయమూర్తి దృష్టికి కూడ తప్పక ఆనుననియు చెప్పితిని.

ఇట్టి కుటుంబములకు దారి చూపునది అదే చట్టమందలి 21వ సెక్షను. ఏ కారణముచేతనైనను ఆయుధమును ఉంచుకొను హక్కు తీరిపోయినచో, అనవసరమైన ఆలస్యము చేయక సమీప పోలీసు స్టేషను అధికారి వద్దనో, నియమములకు లోబడి లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్దనో దానిని జమచేయవలయును. "స్టేషనులో పెడితే ఇక అంతే" యని మన పల్లెలలో బలముగా నాటుకొనిన భయము ఒకటి కలదు. ఈ భయమే అనేక తుపాకులను బీరువాలలోను, అటకలమీదను, గడ్డివాములలోను దాచిపెట్టించుచున్నది. ఆ భయము నిరాధారము. జమచేయుట అనగా సొత్తును వదులుకొనుట కాదు. జమచేసినవారికి, వారు గతించినచో వారి చట్టబద్ధ వారసులకు, నియమములు నిర్ణయించిన గడువులోపల, తాము లైసెన్సు పొందినచో ఆ ఆయుధమును తిరిగి తీసికొనుటకును, లేనియెడల అర్హత గల మరియొకరికి అమ్మి ఆ సొమ్మును తామే పుచ్చుకొనుటకును హక్కు గలదు. గడువు మీరినచో జిల్లా మేజిస్ట్రేటు దానిని ప్రభుత్వపరము చేయవచ్చును. అయితే అట్లు చేయుటకు ముందు వ్రాతపూర్వకముగా నోటీసు నిచ్చి, అందిననాటినుండి ముప్పది దినములలో అభ్యంతరము చెప్పుకొను అవకాశము కల్పించియే తీరవలయును. ఆ నోటీసు వచ్చినప్పుడు పూజగదిలో పంచాంగము క్రింద పెట్టి మరచిపోవువారిని నేను చూచియున్నాను. దయచేసి అట్లు చేయకుడు.

మరియొక మాట. జమచేయుటకు ఆయుధమును సంచిలో వేసికొని బస్సెక్కరాదు. మొదట స్టేషనుకు ఒక జాబు వ్రాసియిచ్చి, అధికారియే ఇంటికి వచ్చి స్వీకరించునట్లో, ఆయన చెప్పిన సమయమున, చెప్పిన రీతిలో అప్పగించునట్లో ఏర్పాటు చేసికొనవలయును. రసీదులో తయారీదారు పేరు, ఆయుధపు సంఖ్య, తూటాల లెక్క, తేది తప్పక ఉండవలయును. సంఖ్య చెరిపివేయబడిన ఆయుధము ఎవరి చేతనున్నదో, కాదని నిరూపించుకొననంతవరకు, వారే దానిని చెరిపినట్లు చట్టము భావించును గనుక, ఆ అంకెలు లోహముపై స్పష్టముగా కనబడుచున్నవని రసీదులో వ్రాయించుకొనుట మేలు.

ఇక వెల సంగతి. చేతి తుపాకికి ఇంతకు మించి పుచ్చుకొనరాదని గాని, ఇంతకు తగ్గరాదని గాని ఆయుధ చట్టము ఎచ్చటను నిర్దేశింపలేదు. వెల నిర్ణయమునకు మనము ఆశ్రయింపవలసినది 1930 నాటి సరకుల విక్రయ చట్టము. ఉభయులు వెలను ముందుగా నిర్ణయించుకొనని యెడల కొనువాడు సముచితమైన వెల చెల్లింపవలయునని దాని 9వ సెక్షను చెప్పుచున్నది. సముచితమేదన్నది ఆయా వ్యవహారపు పరిస్థితులనుబట్టి తేలవలసిన విషయము. ఇరువురికి నమ్మకమైన మూడవ మనిషిచే మదింపు చేయించుకొనుటకు కూడ 10వ సెక్షను అవకాశమిచ్చుచున్నది. నా అనుభవములో ఇదియే ఉత్తమమైన పద్ధతి. పొలము కొలుచుటకు సర్వేయరును పిలుచుకొను మనము, ఆయుధమును మదింపు చేయుటకు లైసెన్సు గల వ్యాపారిని పిలుచుకొనుటకు సంకోచింపనేల?

ఆమె రివాల్వరును జమచేసిన పిదప అట్టి వ్యాపారియొకరు స్టేషనులోనే, అధికారి సమక్షమున, దానిని పరిశీలించిరి. పాత తోలు ఒరలో ఏండ్ల తరబడి ఉండుటచే తోలు పీల్చుకొనిన చెమ్మ ఉక్కునకు పాకి, గొట్టపు మూతివద్దను సిలిండరు అంచునను చిన్నచిన్న గుంటలుగా తుప్పు దిగియుండెను. పటకాలోని తూటాలపై ఆకుపచ్చని చిలుము పట్టియుండెను. ఆయన సిలిండరును రెండు వ్రేళ్లతో పట్టి మెల్లగా కదిపి చూచి, అది వదులు కాలేదని తల యూపి, గొట్టము లోపలి గాళ్లు దీపపు వెలుగున ఇంకను మెరయుచున్నవని చెప్పిరి. పైపూత పోవుట వేరు, ప్రాణభాగము పోవుట వేరు. మొదటిదానికి వెలలో కొంత తగ్గింపు చాలును, రెండవదియైనచో ఆ వస్తువును ఆయుధముగా అమ్మనే రాదు. లోపమును తెలిసియు కప్పిపుచ్చి అమ్మినచో, 1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ సెక్షను ప్రకారము అది మోసమగును. తుప్పును నూనెగుడ్డతో తుడిచి మెరిపించి చూపుటకన్న, తుప్పున్నదని కాగితముమీద వ్రాసియిచ్చుట అమ్మువారికే క్షేమకరము.

వెలకు ప్రాతిపదిక పాత బిల్లు కాదు. అదే తరగతి కొత్త ఆయుధము నేడెంతకు దొరకునన్నది ప్రాతిపదిక. 2014లో స్త్రీల నుద్దేశించి కాన్పూరున తయారైన 'నిర్భీక్' పాయింటు 32 రివాల్వరు ధర 1,22,360 రూపాయలని ప్రకటించిరి. అటు తరువాత ఈశాపూరు కర్మాగారము తెచ్చిన పాయింటు 22 'నిడర్' సుమారు 35 వేలకు వచ్చినది. చవుక చేతి తుపాకులు ఇట్లు మార్కెట్టులోనికి వచ్చినప్పుడు పాతవాటి వెల దిగుట సహజము. మరల 2025 సెప్టెంబరు 22 నుండి రివాల్వర్లు, పిస్తోళ్లపై జీఎస్టీ 28 శాతమునుండి 40 శాతమునకు పెరిగినందున కొత్తవాటి ధర బరువెక్కినది. వ్యాపారి కాని వ్యక్తి తన సొంత వస్తువును అమ్ముకొనునప్పుడు ఆ పన్ను పడదు గనుక, పాతదానికి కొంత గిరాకి పెరుగుటయు న్యాయమే. విదేశీ పిస్తోళ్ల కథ వేరు. 1980ల నడుమనుండి సామాన్యులకు దిగుమతి మూతపడినందున అవి అరుదై, లక్షలలో వెల పలుకుచున్నవి; ఆ వెలలు విని కాన్పూరు రివాల్వరునకు కూడ అంత యడుగుట పొరపాటు.

గిద్దలూరు కంట్రాక్టరు ఇచ్చెదనన్న మొత్తము మాత్రము ఈ లెక్కలన్నిటికి చాల పైనుండెను. కారణమేమో యని విచారించితిని. ఆయనకు లైసెన్సు లేదు. రివాల్వరుతోబాటు ఆ పుస్తకము కూడ తన పేరనే మారునని ఆయన నమ్మిక. "కాగితాలు తర్వాత చూసుకుందాం లేమ్మా, ముందు వస్తువియ్యి" అని ఆయన అనుచుండెను. ఆమె కూడ భర్తకు ఆ లైసెన్సు రాబట్టుటకు పడిన శ్రమనంతను వెలలో కలుపుకొని లెక్కించుచుండిరి. పశ్చిమ ప్రకాశమున నేను చూచిన తుపాకుల బేరములలో తగవునకు మూలము ఎక్కువగా ఇదియే. లైసెన్సు అమ్ముడుపోవు వస్తువు కాదు. దానికి ఒక్క రూపాయి వెల కట్టినను అది గాలికి వెల కట్టినట్లే. వారసులు తమంతట తాము వేరుగా దరఖాస్తు చేసికొనవచ్చును. డెబ్బది యేండ్లు నిండిన లైసెన్సుదారుగాని, ఇరువదియైదేండ్లు ఆ ఆయుధమును కలిగియుండినవారుగాని జీవించియుండగనే తమ వారసునికి లైసెన్సు కోరు అవకాశమును 2016 నాటి ఆయుధ నియమములు కల్పించినవి. బయటివానికి అట్టి దారి లేదు.

లైసెన్సు లేని వానితో జరిగిన ఈ ఒప్పందము చట్టవిరుద్ధమైన ఉద్దేశము గలది గనుక కాంట్రాక్టు చట్టము 23వ సెక్షనుచే చెల్లనేరదు. మిగిలిన సొమ్మునకై ఆమె కోర్టుకు పోయినను ఆమెకు ఊరట దొరకదు. పైగా అర్హత లేనివానికి ఆయుధము నప్పగించుటకు ఆయుధ చట్టము 29వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు శిక్ష గలదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలము, గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యముల సరిహద్దునకు పది కిలోమీటర్ల లోపల, వన్యప్రాణి సంరక్షణ చట్టము 34వ సెక్షను ప్రకారము, ప్రధాన వన్యప్రాణి సంరక్షకుని ముందస్తు సమ్మతి లేనిదే కొత్త ఆయుధ లైసెన్సు ఇయ్యరాదు. అడవికి ఆనుకొనిన దోర్నాల, అర్ధవీడు ప్రక్కల కొత్తగా లైసెన్సు పొంది కొనగోరువారికి ఈ గడప దాటుట సులభము కాదు. కొనువారు తక్కువైనప్పుడు వెలయు తగ్గును. ఇది అమ్మువారి దురదృష్టమే గాని ఎవరి అన్యాయము కాదు. ఆయుధ చట్టపు 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకొనదగిన ఆయుధములు మూడునుండి రెండునకు తగ్గుటయు కొనువారి సంఖ్యను తగ్గించినది.

జీవించియున్న లైసెన్సుదారు తన ఆయుధమును అమ్మదలచినప్పుడు ఆయుధ చట్టము 5వ సెక్షను చెప్పు క్రమము ఇది: కొనువాని పేరు, చిరునామాలతో జిల్లా మేజిస్ట్రేటునకుగాని సమీప పోలీసు స్టేషను అధికారికిగాని వ్రాతపూర్వకముగా తెలిపి, 45 దినములు గడచిన పిమ్మటనే వస్తువును అప్పగింపవలయును. ఈ నియమము మీరినచో ఆరు నెలల వరకు శిక్ష పడవచ్చును. 1970 ఫిబ్రవరి 2 వరకు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి గనుక, తాతలనాటి జోడుగొట్టపు తుపాకుల పుస్తకములపై నేటికిని కర్నూలు ముద్ర కనబడును. అది చూచి అక్కడికి పోనక్కరలేదు, మీ గ్రామము నేడు ఎవరి పరిధిలో నున్నదో ఆ మేజిస్ట్రేటునకే జాబు పంపవలయును. బయానా పుచ్చుకొనదలచినచో బ్యాంకు ద్వారానే పుచ్చుకొని, అనుమతి రానియెడల తిరిగి ఇచ్చెదనని వ్రాయించుకొనుడు. పూర్తి వెలను 45వ దినమునకు ముందు ముట్టుకొనకుడు: సొమ్ము ముట్టినచో వస్తువును ఆపుట కష్టము.

ఆమె కంట్రాక్టరునకు పదివేలు బ్యాంకు ద్వారానే తిరిగి పంపివేసిరి. వ్యాపారి మదింపు మొదటి బేరములో సగమునకు కొంచెము పైన తేలినది. లైసెన్సు గల కొనుగోలుదారు దొరకగా, ఆతని పుస్తకములో అట్టి ఆయుధమునకు చోటున్నదో లేదో చూచి, మదింపు చీటీని, స్టేషను రసీదును, వారసత్వ ధ్రువపత్రమును జతపరచి, భర్త రివాల్వరును 21వ సెక్షను ప్రకారము ఇతనికి అమ్ముటకు అనుమతింపవలసినదని కలెక్టరు కార్యాలయమునకు రిజిస్టరు పోస్టున జాబు పంపితిమి. పోస్టాఫీసు రసీదును ఆమె ఆ నలిగిన లైసెన్సు పుస్తకములోనే పెట్టుకొని ఇంటికి పోయిరి.