కరువు నేలలో అందం

నంద్యాల జిల్లాలోని ప్యాపిలి వానకెదురుచూసే ఊరు. దాని చుట్టూ మెట్ట పొలాలే ఎక్కువ. చాలా రోజులకు కనబడిన ఆడబిడ్డను ఈ సీమ పెద్దలు "ఏమ్మా, శానా చిక్కిపోయినావే!" అని పలకరిస్తారు. ఆ మాటలో ఉన్నది మెప్పు కాదు, దిగులు. "ఒళ్లు చేసినావు" అంటే మాత్రం మెచ్చుకోలు. అదే మాట నేటి నగర యువతికి నిందగా తోస్తుంది.

ఈ భేదానికి మూలం కరువులో ఉంది. 1876-78 నాటి మహాక్షామాన్ని జనం ధాత కరువు అన్నారు. 1871లో తొమ్మిది లక్షలు దాటిన కర్నూలు జిల్లా జనాభా 1881 నాటికి ఏడు లక్షల లోపునకు పడిపోయింది. అటువంటి కాలంలో శరీరంలో నిలువ ఉన్న కొవ్వే ప్రాణాధారం. అది మరీ తరిగిపోతే స్త్రీలకు ఋతుక్రమం ఆగిపోతుంది, సంతానం కలుగదు. కావున నిండైన ఒళ్లు, ఒత్తయిన జుట్టు పెళ్లిచూపులలో అందమనిపించుకొన్నాయి. వాటిని చూసిన కన్ను, తెలియకుండానే, బ్రతుకు శక్తిని వెదికింది.

అయితే మనిషి ప్రతి అభిరుచికీ ప్రాణరక్షణే కారణమనుకోవడం పొరపాటు. మేనిఛాయ సంగతి చూడండి. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ తీవ్రమైన ఎండ నుండి దేహాన్ని కాపాడుతుంది. గర్భస్థ శిశువు ఎదుగుదలకు అవసరమైన ఫోలేట్ నశించకుండా అడ్డుపడుతుంది. ఈ ఎండలకు తగిన రంగు నలుపే. "నలుపు నారాయణ మెచ్చు" అని సామెత చెప్పుకొంటూనే, తెలుగువారు పెళ్లి సంబంధాలలో తెలుపును కోరారు. ఎండలో కలుపు తీసే కూలీ మేను నల్లబడుతుంది, నీడపట్టున కూర్చున్నవారిది నల్లబడదు. తెల్లదనం కలిమికి గుర్తయింది. ఆ కోరికను వ్యాపారం పసిగట్టింది. 1975లో మన దేశ విపణిలోకి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' అనే లేపనం, విమర్శలు పెరిగిన తరువాత 2020లో గాని పేరు మార్చుకోలేదు. అదీ పేరు మాత్రమే!

తిండి దొరకని నాడు పుష్టి అరుదు, కనుక అది అందం. తిండి సులభమైన చోట సన్నదనం అరుదైనది. దానికై పూట భోజనం మానే విద్యార్థినులు నేడు తక్కువేమీ కారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి కారణాలు అనేకం. పేదరికం వాటిలో ముఖ్యమైనది. తినగలిగి కూడా పస్తుండే అమ్మాయి, తినలేని కూలీ తల్లి చివరకు ఒకే ఇనుము మాత్ర కోసం ఆరోగ్య కేంద్రం ముందు నిలబడుతున్నారు.